ఓడెక్కిన కారు కుర్చీలు

ఎండిపోయిన పెన్నకు ఒడ్డులు గీసిన చేతితోనే అంతులేని సముద్రానికీ ఒడ్డు గీసిన దేవునికి స్తోత్రం. మనం బయలుదేరకముందే దారిలో నిలబడి ఉండేవాడు ఆయన. మనం ఇల్లు చేరాక వెనక తలుపు వేసేవాడూ ఆయనే. మా ఇంట్లో ఎవరు ఊరికి పోతున్నా, బస్సు తప్పిపోయేటట్టున్నా సరే, ఒక పాట, ఒక ప్రార్థన లేకుండా గడప దాటరు. ఇది రాయడం కూడా నాకు అట్లాంటి ప్రయాణమే. ఆయన మా పిల్లలను సముద్రం దాకా తీసుకుపోయి తిరిగి తీసుకొచ్చిన సంగతి చెప్పబోతున్నాను. కాబట్టి చెందవలసిన మహిమ ముందే ఆయనకు చెందనీ.

మాది హిందూపురం. మా ఆయనకు డ్రిప్పు పైపులు, బోరు మోటార్లు అమ్మే అంగడి ఉంది. నేను పెనుకొండలో హైవేకు దగ్గరగా ఉన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. పెనుకొండే నా పుట్టిల్లు. మా నాయన అక్కడి సంఘంలో పెద్ద. నేను నడక నేర్చుకున్నది దేవాలయంలో పరిచే చాపల మీద, చదవడం నేర్చుకున్నది ఆదివారం బడిలో కంఠతా పట్టిన వాక్యాల మీద. మా ఆయన వాళ్ళది ధర్మవరం. మా అత్త ఇప్పటికీ అక్కడే ఉంటుంది. కళ్ళు ఒప్పుకున్నన్నాళ్ళూ మగ్గం నేసింది, ఇప్పుడు ప్రార్థన కూటాలకు పోయి వస్తుంటుంది. మాకు ఇద్దరు పిల్లలు. పాపకు ఐదేళ్ళు, చిన్నోడికి రెండు నిండాయి.

పోయిన ఏడాది పైపుల కంపెనీ వాళ్ళు బాగా అమ్మిన అంగళ్ళ వాళ్ళను కుటుంబాలతో సహా ఓడలో విహారానికి పిలిచారు. చెన్నైలో ఓడ ఎక్కడం, సముద్రం మధ్యకు పోయి రెండు రాత్రులు గడపడం, మళ్ళీ చెన్నైలోనే దిగడం. మా ఆయన ఆ మాట ఫోనులో చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మా సీమలో నీళ్ళ మీద ప్రయాణమంటే వానాకాలంలో వంక దాటడమే. అత్తను కూడా తీసుకుపోవచ్చని తెలిశాక మాత్రం ఇద్దరం సంతోషించాము. ఆమె సముద్రం ఎప్పుడూ చూడలేదు.

ఓడ మాట అటుంచితే, నా దిగులంతా హిందూపురం నుంచి చెన్నై దాకా ఉన్న రోడ్డు గురించే. హైవే పక్క ఆసుపత్రిలో నేను చూసినవి ఇక్కడ రాయను. ఒకటి మాత్రం చెబుతాను. ఒడిలో పిల్లను పెట్టుకొని కారులో పోతున్న ఏ తల్లిని చూసినా నాకు ఊపిరి ఆగిపోయేది. మా చిన్న ఊళ్ళ తిరుగుడులో ఏదోలే అని సర్దుకుంటూ వచ్చాను. ఇంత దూరం అనేసరికి ఇక సర్దుకోలేకపోయాను. బెంగుళూరు పోయి పిల్లల కోసం రెండు కారు కుర్చీలు కొనుక్కొచ్చాము. కారు సీటు మీద పెట్టి, కారు బెల్టుతో బిగించి, పిల్లను అందులో కూర్చోబెట్టి, రెండు భుజాల మీదుగా పట్టీలు లాగి, కాళ్ళ మధ్య ఉండే తాళంలో టక్కుమనేలా దించాలి. పాప కుర్చీ గులాబి రంగుది, చిన్నోడిది నల్లది.

వీధి వీధంతా వచ్చి చూసింది. ఎదురింటామె, "ఇదేమమ్మా, మంగలంగట్లో కుర్చీ మాదిరి ఉండాది" అంది. పాప అందులో కూర్చొని దిగనంటే దిగనంది. భోజనం కూడా అందులోనే కావాలంది. చిన్నోడు మాత్రం పట్టీలు వేయగానే వంగిన విల్లులా అయిపోయి, ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. వాడికి కారంటే అవ్వ ఒడి. వేరే చోటు ఒకటుంటుందని కూడా వాడికి తెలియదు.

ఆ ఒడి సంగతి చెప్పాలి. చిన్నోడు నెలలు నిండకుండా పుట్టాడు. అరచేతిలో పట్టేంత బిడ్డ. నాకు జ్వరం, ఒంటి మీద తెలివి లేదు. బిడ్డను ఎవరైనా బట్ట అడ్డం లేకుండా గుండెలకు ఆనించుకొని వెచ్చగా ఉంచాలని డాక్టరమ్మ చెప్పింది. మా అత్త మంచం మీద ఆనుకొని కూర్చొని వాణ్ణి తన ఎదమీద వేసుకుంది. నేను లేచి తిరిగేదాకా ఆమె ఆ బిడ్డను దించలేదు. పెదవులు కదులుతూనే ఉండేవట, ప్రార్థన ఆగలేదట. నర్సుగా చెబుతున్నాను, ఆ ఒడే వాణ్ణి నిలబెట్టింది. కాబట్టి ఆ నల్ల కుర్చీని చూసినప్పుడు ఆమెకు ఏమి కనిపించి ఉంటుందో నాకు తెలుసు. అది ఆమె చోటు. దాన్ని నేను బజారులో కొన్న ఒక వస్తువుకు ఇచ్చేస్తున్నాను.

ప్రయాణానికి ముందు రోజు మా కారులో ధర్మవరం పోయి అత్తను ఎక్కించుకున్నాము. వెనక సీటులో అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. మధ్యలో మిగిలిన సందులో ఆమె కూర్చోవాలి. మనిషి సన్నంగా ఉంటుంది కాబట్టి పట్టింది. చిన్నోడు ఆమెను చూడగానే రెండు చేతులూ చాపాడు.

"వాణ్ణి తియ్యమ్మా ఆ బోనులో నుంచి" అంది అత్త.

"బోను కాదత్తా, కుర్చీ. వాడికి ఏమీ కాకుండా ఉండాలనే."

"నా ఒళ్ళో ఏమవుతాదంట వాడికి? ఇన్నాళ్ళూ ఏమయింది?"

"ఏమీ కాలేదత్తా. దేవుని దయ."

"ఆ దయ ఇప్పుడు యాడికి పోయింది? అంగట్లో దొరుకుతాండాదని మానేసినాడా?"

మా ఆయన అద్దంలో వాళ్ళమ్మను ఒకసారి, పక్కకు తిరిగి నన్ను ఒకసారి చూసి, హారను కొట్టాల్సిన అవసరం లేని చోట కూడా కొట్టుకుంటూ నడిపాడు. చిన్నోడు ధర్మవరం దాటేదాకా ఏడ్చాడు. అత్త అటువైపు తిరిగి పాపకు మాత్రమే కథ చెప్పింది. వేరుశెనగ చేలు, రాళ్ళ గుట్టలు, హైవే మీద లారీలు, అన్నీ ఆమె కోపంతోనే దాటిపోయాయి.

పెనుకొండలో మా నాయన దగ్గర ఆగాము. ప్రార్థన చేయించుకొని పోవడం మా ఆనవాయితీ. అత్త కారు దిగీ దిగకముందే ఫిర్యాదు మొదలుపెట్టింది. నాయన సంఘం పెద్ద కదా, విశ్వాసం విషయంలో తన పక్షం నిలబడతాడని ఆమె ధీమా.

"అన్నా, నీ కూతురికి విశ్వాసం తగ్గిపోయింది. దేవుని మీద భారం వేసేదానికి బదులు బెల్టు మీద వేస్తాండాది."

నాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "వదినా, మన దేవాలయానికి రాత్రిపూట తాళం ఏంటికి ఏస్తాండాం?" అన్నాడు.

"మైకుసెట్టు ఎవడన్నా ఎత్తకపోతాడని."

"దేవుడు చూసుకోడా?"

"ఆయన చూసుకుంటాడు గానీ, మనం కూడా..." అని అత్త ఆగిపోయింది.

"మైకుసెట్టుకే తాళం ఉండాల. మనమడికి ఉండద్దా?"

"నువ్వు కూతురి పక్షమేలే అన్నా. పోయి పోయి నీ దగ్గర చెప్పుకున్న్యా" అని అత్త కాఫీ గ్లాసు తీసుకొని వంటింటి వైపు తిరిగింది.

నాయన నవ్వి, మోకాళ్ళ మీదికి వచ్చాడు. మా నాయన ప్రార్థన చాలా పొడుగు. లోకంలో ఉన్న రాజ్యాలన్నీ అయ్యాక మా కారుకు వస్తాడు. జలప్రళయం నుంచి తప్పించడానికి ఓడ కట్టమన్న దేవుడే దానికి లోపలా బయటా తారులాంటి కీలు పూయమని కూడా ఆజ్ఞ ఇచ్చాడు కదా తండ్రీ, చుక్క నీరు కారకుండా జాగ్రత్త నేర్పావు కదా, అని ఆయన ప్రార్థనలోనే అత్తకు జవాబు చెప్పుకున్నాడు. అత్త ఆమెన్ అనాల్సిన చోట దగ్గింది. చిన్నోడు ఈలోగా చాప మీద నిద్రపోయాడు.

మరుసటి రోజు కంపెనీ ఏర్పాటు చేసిన పెద్ద బండిలో హిందూపురం నుంచి బయలుదేరాము. ఆ బండి మమ్మల్ని హార్బరు దగ్గర దింపి వెళ్ళిపోతుంది. తిరుగు ప్రయాణానికి వేరే బండి. కాబట్టి కుర్చీలను కూడా ఓడలోకి మోసుకుపోక తప్పదు. ఈ సంగతి హార్బరులో దిగాక గానీ మా ఆయనకు పూర్తిగా బుర్రకెక్కలేదు. ఒక కుర్చీని గంపలాగా నెత్తిన పెట్టుకున్నాడు, రెండోదాన్ని చంకకు తగిలించుకున్నాడు. నా రెండు చేతుల్లో పెట్టెలు. పాప తన బొమ్మను గులాబి కుర్చీలో కూర్చోబెట్టి పట్టీలు వేసింది కాబట్టి వాళ్ళ నాయన నెత్తి మీద ఆ బొమ్మ రాణిలా ఊరేగింది. అత్త చిన్నోణ్ణి ఎత్తుకొని, వాడు తన చేతుల్లో ఉన్నందుకు గర్వంగా ముందు నడిచింది.

వరుసలో మా వెనకే మడకశిర అంగడి ఆయన. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే మనిషి, హాస్యం ఎక్కువ.

"ఏమప్పా, కుర్చీలు ఏంటికి మోసుకోని వస్తాండావు? ఇంత పెద్ద ఓడలో మనకు కూర్చోను కుర్చీలు ఏయరా?"

"ఏస్తారో ఎయ్యరో అని మా ఆడోళ్ళు అనుమానపడినారన్నా" అన్నాడు మా ఆయన.

"మరి మంచం యాడప్పా?"

వరుసంతా నవ్వింది. స్కానరు దగ్గర ఉన్న ఉద్యోగి నల్ల కుర్చీని తిప్పి తిప్పి చూశాడు. పట్టీలు లాగాడు. కింద ఏమైనా దాచామేమోనని వేలు పెట్టి చూశాడు. ఆ కుర్చీ సందుల్లో నుంచి బొరుగులు, బిస్కత్తు పొడి, ఒక పగిలిన క్రేయాను మాత్రమే రాలాయి. ఆయన నవ్వాపుకొని మమ్మల్ని పోనిచ్చాడు.

ఓడ మీదికి ఎక్కాక, నీలంగా పరుచుకున్న నీళ్ళను అత్త చాలాసేపు చూసింది. ఓడ అంచు కమ్మీ పట్టుకొని నిలబడింది, గాలికి కొంగు ఎగురుతున్నా పట్టించుకోలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతాయేమో, స్తోత్రం అంటుందేమోనని నేను ఎదురుచూశాను.

"ఇన్ని నీళ్ళు పెట్టుకోని, మన చెరువుకు ఒక్క వాన ఇచ్చేదానికి ఏమయిందప్పా ఆయనకు?" అంది. కాసేపు ఆగి, "స్తోత్రం" అని కూడా అంది.

మాకు ఇచ్చిన గది చిన్నది. రెండు మంచాల మధ్య ఖాళీలో రెండు కుర్చీలు పెట్టేసరికి ఎవరైనా బాత్రూముకు పోవాలంటే మిగతావాళ్ళు మంచమెక్కాలి. పైన ఏసీ గాలి సరిగ్గా ఆ కుర్చీల మీదే పడేది. తగ్గించడం ఎట్లాగో మాకెవరికీ తెలియలేదు. అత్త రెండు దుప్పట్లు కప్పుకొని, "మంచుగడ్డలో పెట్టి తీసకపోతాండారు మనల్ని, చేపల మాదిరి" అంది. అయినా ఆమె సంతోషంగానే ఉంది. ఓడలో కారు లేదు, కాబట్టి కుర్చీలకు పని లేదు, చిన్నోడు పొద్దస్తమానం ఆమె ఒళ్ళోనే. నాకు వినపడేలా వాడితో, "ఈడ నిన్ను ఎవురూ కట్టేయరులేరా నా బంగారూ" అనేది.

రెండో రోజు సాయంత్రం మేము నలుగురైదుగురు విశ్వాసుల కుటుంబాలవాళ్ళం ఒక చోట కూడుకున్నాము. కిటికీ పక్కన సోఫాలున్న పెద్ద హాలు. పక్కన ఎవరో పేకాట ఆడుకుంటున్నా, ఒక మూల మాకు చోటు దొరికింది. పాటలు పాడుకొని ప్రార్థన చేసుకుందామని అనుకున్నాము. ఆరాధన అంటే అత్తకు పట్టుచీరే. తను మగ్గం మీద నేసిన చీరల్లో తన కోసం ఉంచుకున్నది అది ఒక్కటే. మామిడిపండు రంగు, ఎర్ర అంచు. ఆ చీర కట్టుకొని, చిన్నోణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకొని, చప్పట్లు కొట్టకుండా వాడి చేతులు పట్టుకొని వాడి చేత కొట్టిస్తూ పాడింది. హాలులో మిగతావాళ్ళు కూడా తిరిగి చూసేంత బాగా పాడింది.

పాట మధ్యలో ఓడ ఒక్కసారి ఒక పక్కకు ఒరిగింది. పెద్దగా కాదు. బల్ల మీద కాఫీ కప్పులు జరిగాయి, అంతే. ఎవరూ పడలేదు. కానీ చిన్నోడు ఆ పట్టుచీర మీద నుంచి జారాడు. అత్త రెండు చేతులూ వాడి చుట్టూ ఉన్నాయి. గట్టిగానే ఉన్నాయి, నేను చూశాను. ఆ చేతుల కింద నుంచే వాడు నున్నగా జారి, సోఫా అంచు దాటి, కింద తివాచీ మీద కూర్చున్నాడు. దెబ్బ తగల్లేదు. ఏమయిందో వాడికి అర్థం కాక మా వైపు ఒకసారి చూసి, మళ్ళీ జారించమని అత్త మోకాళ్ళు పట్టుకొని నవ్వాడు. అందరూ నవ్వారు. మా ఆయన వాణ్ణి ఎత్తుకొని దులిపాడు.

అత్త నవ్వలేదు. పాట ముగిసేదాకా ఆమె చేతులు అట్లాగే, బిడ్డను పట్టుకున్న వాటంలోనే ఉన్నాయి.

"నేను గట్టిగానే పట్టుకున్న్యానే" అంది మెల్లగా. అది నాతో కాదు.

ఒక మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, దేవుడే దాన్ని అక్కడ ఆపాడు. ఆమె చెయ్యి పట్టుకొని గదికి తీసుకుపోయాను. ఆ చేతిని నేను ఎరుగుదును. వాణ్ణి బతికించిన చెయ్యి అది.

మరుసటి ఉదయం ఓడ చెన్నై వైపు తిరిగింది. పిల్లలు, మా ఆయన టిఫిను కోసం పోయారు. మేమిద్దరం పైన కమ్మీ దగ్గర నిలబడ్డాము. అత్త నీళ్ళనే చూస్తూ అడిగింది.

"మీ ఆసుపత్రికి వస్తారే, రోడ్డు మీద దెబ్బలు తగిలిన పిల్లోళ్ళు. వాళ్ళమ్మలు కూడా గట్టిగానే పట్టుకోని ఉంటారు గదా?"

"గట్టిగానే పట్టుకొని ఉంటారత్తా."

ఆమె తల ఊపింది. పెనుకొండలో నాయన చెప్పినవన్నీ, నేను రోజూ చెప్పాలనుకున్నవన్నీ ఆ ఒక్క మాటలో అయిపోయాయి.

హార్బరు బయట మా కోసం బండి వచ్చి ఉంది. నడిపేది చిత్తూరు వైపు మనిషి, బెంగుళూరు దారిలో ట్రాఫిక్కు పడకముందే పోవాలని తొందరపడుతున్నాడు. కుర్చీలు రెండూ బిగించాము. పాప తనంతట తానే ఎక్కి కూర్చుంది. చిన్నోణ్ణి నల్ల కుర్చీలో పెట్టి పట్టీలు లాగి తాళంలోకి నొక్కాను. టక్కుమనలేదు. మళ్ళీ నొక్కాను. దిగినట్టే దిగి బయటికి వచ్చేసింది. మా ఆయన వచ్చి నొక్కాడు, డ్రైవరు వచ్చి నొక్కాడు. తాళం మీదున్న ఎర్ర మీట లోపలికి పోయి లోపలే ఉండిపోయింది, బయటికి రాదు.

"కాస్త దూరం పిల్లోణ్ణి ఒళ్ళో పెట్టుకోండమ్మా" అన్నాడు డ్రైవరు. "టోల్‌గేటు దాటినాంక ఆగి సూద్దాం."

మా ఆయన నుదుటి చెమట తుడుచుకొని నా వైపు చూశాడు. "ఈసారికి అమ్మ పట్టుకుంటాదిలే. మెల్లగా పోదాం" అన్నాడు.

నేను అత్త వైపు చూశాను. ఆమె బండిలో రెండు కుర్చీల మధ్య తన చోటులో కూర్చొని ఉంది. మూడు రోజుల కింద ఆమె ఏది అడిగిందో అదే ఇప్పుడు మేమే ఆమెకు ఇస్తున్నాము. చిన్నోడు పట్టీల్లో నుంచి సగం బయటికి వచ్చి, "అవ్వా" అని చేతులు చాపాడు.

అత్త తన రెండు చేతులూ చంకల కింద పెట్టుకుంది.

"నేను ఎత్తుకోను" అంది.

"ఏమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఎత్తుకోనంటే ఎత్తుకోను. ఆ పట్టీ పడేదాకా బండి కదలకూడదు. పొద్దు మునిగినా సరే, ఈడే ఉంటాను."

చిన్నోడు ఏడుపందుకున్నాడు. ఆమె వాడి వైపు చూడకుండా ఎదురుగా చూస్తూ కూర్చుంది. చేతులు మాత్రం బయటికి రాలేదు. ఆ క్షణంలో నాకు మా అత్త మీద కలిగిన ప్రేమను నేను ఏ కూటంలోనూ సాక్ష్యంగా చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

డ్రైవరు అగ్గిపుల్లకు బట్ట చుట్టి తాళం లోపల తిప్పాడు. తెల్లగా, పేరుకున్న నెయ్యిలాంటిది బయటికి వచ్చింది. దానికి బిస్కత్తు పొడి అంటుకొని ఉంది. "ఇదేందమ్మా, ఎవురన్నా ఇందులో కొబ్బరి నూనె పోసినారా?" అన్నాడు.

అప్పుడు అత్త గొంతు వినిపించింది.

"నేనే పోసిన్యా. ప్రార్థన నూనె."

మా సంఘాల్లో ప్రార్థించి ఇచ్చిన నూనెను జబ్బుపడినవాళ్ళ నుదుటికి, కొత్త ఇంటి ద్వారానికి, కొన్న బండికి రాస్తారు. అత్త ధర్మవరం నుంచి తన చిన్న సీసా తెచ్చుకుంది. హిందూపురంలో మేము పెట్టెలు సర్దుకుంటున్నప్పుడు, ఆమె కుర్చీల దగ్గరికి పోయి, నుదురు లేని ఆ వస్తువుకు ఎక్కడ రాయాలో తెలియక, అన్నిటికంటే ముఖ్యమైనది తాళమే అని నేనే చెప్పాను కాబట్టి తాళంలోనే పోసింది. పాప కుర్చీకి ఒక చుక్క, చిన్నోడి కుర్చీకి సీసాలో సగం. ఓడలో ఏసీ గాలికి అదంతా గడ్డకట్టింది.

"నాకు అదంటే గిట్టదు గానీ" అంది అత్త, తప్పు చేసిన పిల్లలాగా, "నువ్వు దాన్నే నమ్ముకున్న్యావు గదా. సరే, దానికి కూడా దేవుని కాపుదల ఉండనీ అని పోసిన్యా."

మా ఆయన ముందుగా నవ్వాడు. ఆ తరువాత డ్రైవరు. నేను నవ్వుతూనే ఏడ్చాను. అత్త మమ్మల్ని చూసి, "నవ్వండి, నవ్వండి. మీకేం" అని తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కుర్చీ ఊడదీసి బండి ముందు భాగం మీద ఎండలో తలకిందులుగా పెట్టాము. చెన్నై ఎండ గురించి ఎవరూ స్తోత్రం చెప్పగా నేను వినలేదు, ఆ రోజు మేము చెప్పాము. నూనె కరిగి బొట్లు బొట్లుగా కారింది. అత్త స్వయంగా దిగి వచ్చి, తన పాత నూలు చీర కొంగుతో తుడుస్తూ నిలబడింది. మడకశిర ఆయన వాళ్ళ బండి పక్కన నుంచి పోతూ ఆగింది.

"ఏమమ్మా, ఓడలో నుంచి దిగినాంక కూడా కుర్చీ వదలరా మీరు?" అన్నాడాయన కిటికీలో నుంచి.

"వదలం నాయనా" అంది అత్త. "ఇది మా పిల్లోడిది. నీ మనమరాలిది యాడ?"

ఆయన ఒళ్ళో మనవరాలు నిద్రపోతోంది. ఆయన ఏదో హాస్యం ఆడబోయి ఆగిపోయి, పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. వాళ్ళ కోడలు వెనక సీటులో నుంచి తల బయట పెట్టి, అది ఎక్కడ దొరుకుతుందని నన్ను అడిగింది. చెప్పాను.

మీట బయటికి వచ్చింది. కుర్చీని మళ్ళీ బిగించి, పట్టీలను తాళంలో పెట్టి నొక్కితే టక్కుమంది. నేను లాగి చూశాను, విప్పి మళ్ళీ పెట్టి చూశాను, మా ఆయన చూశాడు. అందరికంటే చివర అత్త తన పల్చటి వేళ్ళతో లాగి చూసింది. అప్పుడు గానీ బండి కదలనివ్వలేదు. ఇంటికి వచ్చాక ఆ తాళాన్ని గోరువెచ్చని నీళ్ళతో నేను మళ్ళీ శుభ్రంగా కడిగాను.

దారి పొడవునా చిన్నోడు కాసేపు ఏడ్చాడు, కాసేపు అలిగాడు, కాసేపు అత్త వేలు పట్టుకొని నిద్రపోయాడు. ఆమె తన చోటులోంచి అటు ఒరిగి, ఆ వేలు విడిపించుకోకుండా, మెడ పట్టేసేదాకా అట్లాగే కూర్చుంది. ఆమె ఒడిలో చిన్నోడి టోపీ ఒకటే ఉంది. ఒకచోట టీ కోసం ఆగినప్పుడు నేను పట్టీలు విప్పి వాణ్ణి ఆమెకు అందించాను. బండి ఆగి ఉన్నంతసేపూ ఆమె వాణ్ణి కిందికి దించలేదు. డ్రైవరు తాళంచెవి తిప్పబోతుండగా తనే లేచి, "నిదానం నాయనా, ఉండు" అని, వాణ్ణి నల్ల కుర్చీలో పెట్టి, నాకంటే ముందు తనే పట్టీ నొక్కింది. టక్కుమన్న చప్పుడు విని, కళ్ళు మూసుకొని పెదవులు కదిపింది. ఆసుపత్రి మంచం మీద ఎట్లా కదిపేదని అక్కడి నర్సులు చెప్పారో అట్లాగే.

ఇది చదువుతున్న అక్కలూ, అన్నలూ, ఇప్పుడు కూడా మన రోడ్ల మీద పిల్లలు ప్రయాణంలో ఉన్నారు. కొందరు కుర్చీల్లో, ఎక్కువ మంది ఒడుల్లో, బైకుల మీద అమ్మానాయనల మధ్య, ఆటోల అంచుల్లో. ఆ ఒడులన్నీ గట్టిగా పట్టుకున్నవే. మీరు ఏ పనిలో ఉన్నా ఒక్క నిమిషం ఆపి, తల వంచి, నాతో కలిసి అడగండి: తండ్రీ, మా చేతులు ఎంతదాకా పట్టగలవో మాకంటే నీకు బాగా తెలుసు. మేము ప్రేమించినవాళ్ళను కాపాడుకోవడానికి కావలసిన తెలివి మాకివ్వు, ఆ తెలివి చెప్పినప్పుడు వినే తగ్గింపు మనసు మాకివ్వు. దారిలో ఉన్న ప్రతి బిడ్డనూ క్షేమంగా ఇల్లు చేర్చు. ఆమెన్ అనండి, నేనూ అంటాను.